ఆగిపోయిన చప్పుడు ఎలా వినబడుతుంది?

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగిన వేళ పుస్తకం పట్టుకుని కూర్చుంటాం. వంటింట్లో ఫ్రిజ్ మోత అప్పటికి పావుగంటగా సాగుతూనే ఉంటుంది గానీ అది మోగుతున్నదన్న స్పృహే మనకు ఉండదు. ఇంతలో కంప్రెసర్ ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే మన తల పేజీ మీద నుంచి పైకి లేస్తుంది. పావుగంట పాటు మోగిన మోత చెవికెక్కలేదు, అది ఆగిపోవడం మాత్రం చెవికెక్కింది. చిన్నప్పటి నుంచీ నాకు ఇదొక వింతగానే ఉండేది. మోగుతున్నదాన్ని వినకపోతే పరధ్యానం అని సరిపెట్టుకోవచ్చు. లేనిదాన్ని వినడం ఎలా సాధ్యం?

ఆగిందని తెలియాలంటే అంతవరకూ సాగుతోందన్న లెక్క లోపల ఎక్కడో ఉండి తీరాలి. అంటే మనం పట్టించుకోని చప్పుళ్లకు కూడా మెదడు పద్దు రాసుకుంటూనే ఉంటుంది. వచ్చిన ప్రతి చప్పుడునూ ఆ పద్దుతో సరిచూసి, పొంతన కుదిరితే ఊరుకుంటుంది, కుదరకపోతే ఒక చిన్న విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. మన ఇష్టంతో గానీ శ్రద్ధతో గానీ పని లేకుండా, దాదాపు సెకనులో అయిదో వంతు కాలంలో ఇదంతా జరిగిపోతుంది. నిజానికి ఫ్రిజ్ ఉదాహరణలో ఇదొక్కటే పని చేయదు, శబ్దం ముగియగానే స్పందించే నాడీకణాలు వేరే ఉన్నాయి, వాటి పాత్రా ఉంటుంది. అందుకే శాస్త్రవేత్తలు ఈ సరిచూసే పనిని విడదీసి చూడటానికి ఫ్రిజ్ కంటే శుభ్రమైన ప్రయోగాలు రూపొందించుకోవలసి వచ్చింది.

ఈ కథలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఫిన్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్‌ది. 1970ల మధ్యలో నెదర్లాండ్స్‌లోని సూస్టర్‌బర్గ్‌లో గైలార్డ్, మాంటిసాలో అనే సహచరులతో కలిసి ఆయన ఒక ప్రయోగం చేశారు. వ్యక్తి రెండు చెవుల్లోనూ వేరువేరుగా స్వరాలు వినిపించి, ఒక చెవిలోవి మాత్రమే శ్రద్ధగా విని అందులో అరుదుగా వచ్చే తేడా స్వరాన్ని పట్టుకోమన్నారు, రెండో చెవి సంగతి మరిచిపోమన్నారు. శ్రద్ధ పెట్టిన చెవిలో తేడా వచ్చినప్పుడు మెదడు స్పందించడంలో ఆశ్చర్యం లేదు. అయితే పట్టించుకోవద్దన్న చెవిలో తేడా వచ్చినప్పుడు కూడా తల మీద నమోదైన విద్యుత్ గీత అదే సమయంలో, అదే దిశలో వంగింది. 1978లో ఈ ఫలితం అచ్చయింది. పొంతన తప్పినప్పుడు రుణ దిశలో వచ్చే తరంగం కాబట్టి దానికి మిస్‌మ్యాచ్ నెగటివిటీ అని పేరు స్థిరపడింది, పొట్టిగా ఎం.ఎం.ఎన్. అంటారు. అంతకు ముందే, 1960ల నాటికి, సోవియట్ శాస్త్రవేత్త యెవ్‌గెనీ సొకొలోవ్, మెదడు తన చుట్టూ ఉన్న పరిసరాల నమూనా ఒకటి లోపల కట్టుకుని, కొత్తగా వచ్చినది దానికి సరిపడనప్పుడే ఉలిక్కిపడి అటు తిరుగుతుందని సిద్ధాంతీకరించి ఉన్నాడు. ఆ సరిచూసే పని మిల్లీసెకన్ల లెక్కన కొలవగలిగే ఆనవాలుగా కనిపించడం మాత్రం ఎం.ఎం.ఎన్.తోనే సాధ్యమైంది.

ఆ ఆనవాలును పట్టుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో దగ్గరగా చూస్తే గానీ తెలియదు. ప్రయోగానికి వచ్చిన మనిషి తలకు బిగుతైన బట్ట టోపీ తొడుగుతారు. టోపీకి పదుల సంఖ్యలో చిల్లులు, ప్రతి చిల్లులోనూ ఒక ఎలక్ట్రోడు ఉంటాయి. ఒక్కొక్క ఎలక్ట్రోడు కింద జుట్టును పాయలు తీసి, ఉప్పు కలిసిన చల్లటి జెల్ నింపుతారు. ఈ తయారీకే అరగంట పైన పట్టవచ్చు. తరవాత ఎదురుగా తెర మీద శబ్దం తీసేసిన సినిమా ఒకటి వేసి, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూడమంటారు, చెవుల్లో వచ్చే చప్పుళ్లను పట్టించుకోవద్దంటారు. చెవుల్లో వచ్చేదేమిటంటే, సెకనులో పదో వంతుకు మించని ఒక సన్నని స్వరం, అరసెకనుకొకటి చొప్పున, ఒకే తీరుగా. సెకనుకు 1000 కంపనాల స్వరం అలా ఏడెనిమిది సార్లు వచ్చాక ఒకసారి 1100 కంపనాల స్వరం వస్తుంది, మళ్లీ పాతదే. తేడా స్వరం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పలేకుండా వరసను కలిపి పెడతారు. సినిమాలో మునిగిన మనిషికి కొద్ది నిమిషాల్లోనే చెవుల సంగతి గుర్తుండదు.

తల చర్మం మీద అందే విద్యుత్తు వోల్టులో పది లక్షల వంతుల్లో కొలవవలసినంత స్వల్పం. ఎం.ఎం.ఎన్. అందులో కొద్ది మైక్రోవోల్టులు మాత్రమే ఉంటుంది, మెదడు మామూలుగా చేసే విద్యుత్ రొద మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెద్దది. సంతలో గుసగుస వినడం లాంటిదే ఇది. అందుకని తేడా స్వరం వచ్చిన ప్రతిసారీ ఆ తరవాతి అరసెకను ముక్కను కత్తిరించి, అలాంటి వందల ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తారు. స్వరంతో సంబంధం లేని రొద ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోతూ ఉంటుంది కాబట్టి సగటులో కరిగిపోతుంది. వంద ముక్కలు కలిపితే రొద పదో వంతుకు తగ్గుతుంది. స్వరానికి కట్టుబడి ప్రతిసారీ ఒకే సమయంలో వచ్చే స్పందన మాత్రం నిలబడుతుంది. పదేపదే వచ్చే వాడుక స్వరాల సగటునూ తేడా స్వరాల సగటునూ పక్కపక్కన గీసి ఒకదాని లోంచి ఇంకోటి తీసేస్తే, తేడా మొదలైన క్షణం నుంచి సుమారు 100 మొదలు 250 మిల్లీసెకన్ల మధ్య ఒక లోయ కనబడుతుంది. తేడా ఎంత పెద్దదైతే ఆ లోయ అంత తొందరగా వస్తుంది, అంత లోతుగానూ ఉంటుంది. నుదుటికీ మాడుకూ మధ్య పెట్టిన ఎలక్ట్రోడ్ల దగ్గర అది స్పష్టంగా కనిపించినా, పుట్టేది ప్రధానంగా కణతల లోపలి వైపు ఉన్న శ్రవణ వల్కలంలో, అంటే చప్పుళ్లను అందుకునే మెదడు పై పొరలో, ఆ పైన నుదుటి వెనక భాగం కూడా కొద్ది ఆలస్యంగా గొంతు కలుపుతుంది.

ఇక్కడ చురుకైన పాఠకులెవరికైనా ఒక అనుమానం రావాలి. వాడుక స్వరం పదేపదే వినిపిస్తున్నప్పుడు దానికి స్పందించే నాడీకణాలు అలిసిపోతాయి. తేడా స్వరానికి స్పందించేవి అప్పటిదాకా విశ్రాంతిగా ఉన్నాయి కనుక గట్టిగా స్పందిస్తాయి. మనం పద్దు అనీ సరిచూడటం అనీ గొప్పగా చెప్పుకుంటున్నది ఇంతేనేమో? ఇది కొట్టిపారేయదగిన అనుమానం కాదు. 2003లో ఇజ్రాయెల్‌లో నెల్కెన్ బృందం పిల్లుల శ్రవణ వల్కలంలో ఒక్కొక్క నాడీకణాన్నీ పరీక్షించి, తరచుగా వచ్చే స్వరానికి స్పందన తగ్గించుకుంటూనే అరుదైన స్వరానికి మాత్రం గట్టిగా స్పందించే కణాలు ఉన్నాయని చూపింది. కాబట్టి అలసట వాదం బల్ల గుద్ది చెప్పగల ఆధారమున్న వాదమే. దాన్ని నమ్మేవారికీ, మెదడు నిజంగానే నమూనా కట్టి సరిచూస్తుందని నమ్మేవారికీ మధ్య సాగిన వాదోపవాదాల వల్లనే ఈ రంగంలో మంచి ప్రయోగాలన్నీ పుట్టాయని నా అభిప్రాయం.

అలసట వాదం ఎక్కడ నిలబడదో చూద్దాం. వరసగా ఒకే గట్టితనంతో వస్తున్న స్వరం ఒకసారి కాస్త మెల్లగా వచ్చిందనుకుందాం. మెల్లని శబ్దం కొత్త కణాలను గట్టిగా తట్టి లేపదు, అయినా ఎం.ఎం.ఎన్. వస్తుంది. స్వరం నిడివి తగ్గించి చూసినా వస్తుంది, అక్కడ అదనంగా వచ్చిన శబ్దమేమీ లేదు, ఉన్నదే ముందుగా ముగిసింది. స్వరాలు చాలా వడిగా, ఒకదానికీ తరవాతిదానికీ మధ్య సెకనులో ఆరేడో వంతు కంటే తక్కువ దూరంతో వస్తున్నప్పుడు నడుమ ఒక స్వరాన్ని పూర్తిగా ఎత్తేస్తే, ఆ ఖాళీకి కూడా ఎం.ఎం.ఎన్. పుడుతుంది. శబ్దమే లేని చోట ఏ కణం తాజాగా ఉండి ఏం ప్రయోజనం? ఫ్రిజ్ ఆగినప్పటి వింతకు ప్రయోగశాల ఇచ్చిన శుభ్రమైన రూపం ఇదే.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం 1992లో ఫిన్లాండ్‌లో జరిగింది. అందులో స్వరాలను జంటలుగా వినిపించారు. ప్రతి జంటలోనూ రెండో స్వరం మొదటిదాని కంటే ఎగువన ఉంటుంది, కానీ ఏ జంటా ముందు జంట ఉన్న స్థాయిలో ఉండదు, ఒకటి కింద, ఒకటి పైన, ఇంకొకటి నడుమ, ఇలా మారుతూ పోతుంది. అంటే పదేపదే వచ్చే స్వరమంటూ ఏదీ లేదు. పదేపదే వచ్చేది ఆరోహణ ఒక్కటే. అప్పుడప్పుడూ ఒక జంటను అవరోహణగా వినిపించగానే, పుస్తకం చదువుకుంటున్న మనుషుల మెదళ్లలో ఎం.ఎం.ఎన్. కనిపించింది. స్వరాల మధ్య సంబంధమనే అమూర్తమైన నియమాన్ని శ్రద్ధ సాయం లేకుండానే మెదడు ఏరి పట్టుకున్నదని దీని అర్థం. నాటానెన్, ఆయన సహచరులు తరవాత దీన్నే శ్రవణ వల్కలపు ఆదిమ తెలివి అన్నారు.

అలసటనూ సరిచూడటాన్నీ తూకం వేసి విడదీసే ఉపాయం కూడా దొరికింది. పది రకాల స్వరాలను తీసుకుని, ఏదీ ఎక్కువా తక్కువా కాకుండా ఒక్కొక్కటీ పదిలో ఒకసారి వచ్చేలా కలగలిపి వినిపిస్తారు. అందులో 1100 కంపనాల స్వరం కూడా పదింట ఒకసారే వస్తుంది కాబట్టి దాని కణాలు మొదటి ప్రయోగంలో ఎంత తాజాగా ఉన్నాయో ఇక్కడా ఇంచుమించు అంత తాజాగానే ఉంటాయి. తేడా ఏమిటంటే ఇక్కడ అది ఏ నియమాన్నీ ఉల్లంఘించడం లేదు. ఈ స్పందనను తీసేసి చూసినా, నియమం తప్పిన సందర్భపు స్పందనలో కొంత మిగులుతుంది. ఆ మిగిలినదే అసలైన సరిచూపు. అలసట ఉన్నది నిజం, దానితో మొత్తం లెక్క తేలకపోవడమూ నిజం.

ఈనాడు ఎక్కువమంది మొగ్గుతున్న వివరణ ఈ రెండింటినీ ఒక గూటికి చేరుస్తుంది. మెదడు చెవి పంపినదాన్ని ఊరికే అందుకుంటూ కూర్చోదు, తరవాత రాబోయేదేమిటో అనుక్షణం అంచనా కడుతూ ఉంటుంది. పై అంతస్తుల నుంచి అంచనా కిందికి దిగుతుంది, కింది అంతస్తుల నుంచి అంచనాకు అందని భాగం మాత్రమే పైకి వెళుతుంది. అనుకున్నది అనుకున్నట్టే వస్తే పైకి చెప్పవలసిన వార్తే లేదు, అందుకే వాడుక స్వరానికి స్పందన చల్లబడుతుంది. అనుకోనిది వచ్చినప్పుడు పైకి పోయే దోష సంకేతమే ఎం.ఎం.ఎన్. బ్రిటిష్ నాడీశాస్త్రవేత్త కార్ల్ ఫ్రిస్టన్ 2005లో ఈ చట్రాన్ని గణితంతో విస్తరించి చెప్పినప్పుడు ఎం.ఎం.ఎన్.ను ఒక ముఖ్య ఉదాహరణగా తీసుకున్నాడు. అయితే అంచనాకు ఆధారమైన జ్ఞాపకానికి గడువుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఎడం సుమారు 10 సెకన్లు దాటిపోతే ఎం.ఎం.ఎన్. కనిపించడం మానేస్తుంది, పోల్చడానికి పాత పద్దు అప్పటికి చెరిగిపోయి ఉంటుంది.

ఇంతవరకూ కొద్ది సెకన్ల జ్ఞాపకం గురించే మాట్లాడుకున్నాం. అంతకంటే లోతైన, ఏళ్ల తరబడి పేరుకున్న జ్ఞాపకం ఒకటి ఈ సరిచూపులో చెయ్యి పెడుతుంది, అదే మాతృభాష. ఎస్టోనియా భాషలో ఒక అచ్చు ఉంది, దాని పొరుగునే పుట్టిన ఫిన్నిష్‌లో ఆ అచ్చు లేదు. తక్కిన అచ్చులు చాలావరకు రెండింటికీ ఉమ్మడి. నాటానెన్ బృందం 1997లో రెండు భాషలవారికీ 'ఎ' లాంటి అచ్చును వాడుక శబ్దంగా వినిపిస్తూ, నడుమ వేరే అచ్చులను తేడాగా పెట్టింది. శబ్దపరంగా తేడా ఎంత పెరిగితే ఎం.ఎం.ఎన్. అంత పెరగాలి. ఎస్టోనియా అచ్చు దగ్గరకు వచ్చేసరికి ఫిన్నిష్ వారిలో ఈ లెక్క తప్పింది. అది తమ భాషలో లేని అచ్చు కావడంతో, శబ్దపరమైన దూరం ఎక్కువగానే ఉన్నా వారి స్పందన తగ్గిపోయింది, ఎస్టోనియా వారిలో తగ్గలేదు. పసిపిల్లల మీద 1998లో చేసిన పరిశీలనలో ఆరు నెలల ఫిన్నిష్ బిడ్డలు శబ్దంలో ఎంత దూరముందో దాన్ని బట్టే స్పందించారు, ఏడాది నిండేసరికి వాళ్లలోనూ తమ భాష ముద్ర కనబడింది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. 'పాట', 'పాత' అన్న మాటలు తెలుగువాళ్లెవరికీ ఒకటిగా వినిపించవు. 'ట' పలికేటప్పుడు నాలుక కొన అంగిట వైపు వెనక్కి మడుచుకుంటుంది, 'త'కు పళ్లను తాకుతుంది. ఇంగ్లీషువారు పలికే శబ్దం ఈ రెంటికీ నడుమ, పై పళ్ల వెనక చిగురు మీద పుడుతుంది, ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరిగిన పెద్దవాళ్లకు మన రెండూ ఒకే గాటన పడిపోతాయి. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చేసి 1984లో ప్రచురించిన ప్రయోగంలో హిందీలోని ఇదే తేడాను ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు వినిపించారు. అది మెదడు తరంగాలు కొలిచే ప్రయోగం కాదు. శబ్దం మారినప్పుడు తల తిప్పితే పక్కన పెట్టెలో వెలుగుతూ కదిలే బొమ్మ కనిపిస్తుంది, అందుకని మార్పును పట్టుకున్న బిడ్డ అటు తల తిప్పుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డల్లో ఎక్కువమంది తల తిప్పారు. పది నుంచి పన్నెండు నెలల బిడ్డల్లో తిప్పినవారు కొద్దిమందే. హిందీ ఇళ్ల బిడ్డలకు ఆ వయసులోనూ తేడా తెలుస్తూనే ఉంది. విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులు, బిడ్డకు మాటలు వచ్చాక తెలుగు సంగతి చూద్దాంలే అనుకునేటప్పుడు, ఈ మొదటి ఏడాది సంగతి తెలిసి ఉంటే బాగుండునని నాకు గట్టిగా అనిపిస్తుంది. తరవాత నేర్చుకోవడం అసాధ్యమేమీ కాదు. ఫిన్లాండ్‌లో స్థిరపడి ఫిన్నిష్ ధారాళంగా మాట్లాడే హంగేరీవారిలో, తమ భాషలో లేని అచ్చుల తేడాకు ఎం.ఎం.ఎన్. ఏర్పడిందని 1999లో చూపారు, ఆ భాష రాని హంగేరీవారిలో అది లేదు. సాధన వల్ల చెవి పదునెక్కుతుందన్నది సంగీతజ్ఞులకు కొత్త విషయం కాదు. అదే ఏడాది వచ్చిన మరో ప్రయోగంలో, ఒక్క శాతం కూడా లేని అపశ్రుతికి వయొలిన్ విద్వాంసుల మెదళ్లు పుస్తకం చదువుకుంటూనే స్పందించాయి, సంగీతం తెలియనివారిలో ఆ స్పందన రాలేదు. తంబుర శ్రుతి వెంట్రుకవాసి జారితే మాట మధ్యలో ఆగి అటు చూసే విద్వాంసుల్ని కచేరీల్లో చూసినవారికి దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు.

మనిషి సహకారం అక్కర్లేని పరీక్ష కావడంతో వైద్యులకు దీని మీద ఆశ పుట్టడం సహజం. కోమాలో ఉన్నవారికి ఈ స్వరాల వరస వినిపించి చూసినప్పుడు, ఎం.ఎం.ఎన్. కనిపించినవారిలో అత్యధికులు తరవాత స్పృహలోకి వచ్చారని ఫ్రాన్స్‌లోని లియాన్ వైద్యుల పరిశీలనలు తెలిపాయి. తలకిందులు చేసి మాత్రం దీన్ని చదవకూడదు, ఎం.ఎం.ఎన్. కనిపించని రోగుల్లో కూడా చాలామంది తేరుకున్నారు. ఉండటం మంచి సూచన, లేకపోవడం ఆశ వదులుకోవడానికి కారణం కాదు. మంచం పక్కన నిలబడ్డ కుటుంబానికి ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పాలా. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవారిలో సగటున ఈ తరంగం చిన్నదిగా ఉంటుందని 1991 నుంచీ పదేపదే తేలింది. నాడీకణాల మీద ఉండి రసాయన సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే కెటమిన్ మందును ఆరోగ్యవంతులకు ఇచ్చినా తరంగం తగ్గుతుంది కనుక, ఆ జబ్బులో ఈ గ్రాహకాల పాత్రను వెతకడానికి ఇది దారి చూపింది. అయితే ఇవి గుంపుల సగటులు. ఒక మనిషికి టోపీ తొడిగి గీత చూసి జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఇది పనికిరాదు.

అసంకల్పితం అన్న మాటను కూడా కొలిచి వాడాలి. 1991లో మార్టీ వోల్డార్ఫ్ బృందం ఒక చెవి మీద మనసును చాలా గట్టిగా నిలిపే పని పెట్టి చూస్తే, పట్టించుకోని చెవిలోని ఎం.ఎం.ఎన్. బాగా కుంచించుకుపోయింది. కాబట్టి శ్రద్ధ లేకున్నా ఈ సరిచూపు జరుగుతుందనడం సరైనది, శ్రద్ధ దాన్ని తాకనే తాకదనడం సరైనది కాదు. అలాగే ఎం.ఎం.ఎన్. పుట్టినంత మాత్రాన మార్పు మన ఎరుకలోకి వచ్చినట్టు కాదు. తేడా తగినంత పెద్దదైతే, దాని వెనకనే సుమారు 300 మిల్లీసెకన్ల దగ్గర ఇంకో తరంగం లేస్తుంది, మనసు చేస్తున్న పని వదిలి అటు మళ్లినట్టు అది చెబుతుంది. తెర మీది అంకెలు సరి, బేసి అని విడదీస్తున్నవారికి చెవిలో సంబంధం లేని మార్పు వినిపిస్తే, జవాబు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుందని 1998 నాటి ప్రయోగాలు కొలిచి చూపాయి. ఫ్రిజ్ ఆగినప్పుడు పుస్తకం మీద నుంచి తల లేచింది ఈ రెండో మెట్టు వల్లనే.

ఈ లెక్క ఎంత చిన్నప్పుడు మొదలవుతుందో 2009లో బుడాపెస్ట్‌లో ఇస్త్వాన్ వింక్లర్ బృందం చూసింది. పుట్టి రెండు మూడు రోజులైన శిశువులు నిద్రలో ఉండగా, డ్రమ్ముల మీద ఒక లయను ఆపకుండా వినిపించారు. నడుమ నడుమ ఒక దెబ్బను ఎత్తేశారు. ఏదో ఒక చోట చిన్న దెబ్బ తప్పినప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. మన సంగీతంలో సమం అని చెప్పుకునే చోట, ఆవర్తం మొదలయ్యే ఆ గట్టి దెబ్బ తప్పినప్పుడు మాత్రం సెకనులో అయిదో వంతు గడిచేసరికి పసి మెదడులో విద్యుత్ గీత వంగింది. ఆ దెబ్బ మొదటి నుంచీ లేకుండానే సాగే లయను వినిపించి చూస్తే అటువంటి స్పందన లేదు. అంటే వాళ్లు ఎదురు చూసింది ఖాళీని కాదు, అక్కడ పడవలసిన దెబ్బను. అంతసేపూ శిశువులు కళ్లు తెరవలేదు.